ఎండ మధ్యాహ్నం, వాడకం రాత్రి

ఎలక్ట్రికల్ ఇంజినీరునని తెలిస్తే చాలు, హైదరాబాద్‌లో పెళ్లి భోజనాల దగ్గర కూడా వదలరు. "సోలార్ ఎన్ని కిలోవాట్లు పెట్టించమంటారు?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేవి రెండే. నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి? అవి ఏ వేళ కాలుతున్నాయి? మొదటిదానికి బిల్లు చూసి చెప్తారు. రెండోదానికి ఎవరి దగ్గరా జవాబు ఉండదు. బిల్లు లెక్క మొదటిదాంతోనే తేలిపోతుంది, సోలార్ అసలు కథ మాత్రం ఆ రెండోదాని మీదే నడుస్తుంది.

ముందు డబ్బు సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కి 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కి 18 వేలు సబ్సిడీ వస్తుంది. మొత్తం 78 వేలు, అంతకు మించి రాదు. మన దగ్గర ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి ఇప్పుడున్న శ్లాబుల ప్రకారం ఎనర్జీ చార్జీలే దాదాపు 2,700 రూపాయలు. రెండు కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు తగ్గి, మిగతా 160కి 630 రూపాయల దాకా అవుతుంది. అంటే నెలకు రెండు వేలకు పైనే మిగులు. మూడో కిలోవాట్ కూడా పెడితే అదనంగా మిగిలేది 550 రూపాయలే. మొదటి రెండు కిలోవాట్లు ఖరీదైన శ్లాబును నరికేస్తాయి, మూడోది చౌక యూనిట్లను తగ్గిస్తుంది. డాబా ఖాళీగా ఉంది కదా అని ఐదు కిలోవాట్లు అంటగట్టే ఏజెంట్లు ఈ లెక్క చెప్పరు.

అసలు విచిత్రం ఇంకొకటుంది. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా అందుకునే ఇంటికి సోలార్ వల్ల రూపాయి కూడా మిగలదు. ఒక ప్రభుత్వం ప్యానెల్ పెట్టుకోమని డబ్బిస్తుంటే, ఇంకో ప్రభుత్వం ప్యానెల్ అవసరమే లేకుండా చేస్తోంది. పేదలకు ఉచిత కరెంటు వద్దని నేను అనను. రూఫ్‌టాప్ సోలార్ మాత్రం పెద్ద బిల్లు కట్టే ఇళ్లకే పనికొచ్చే పథకంగా మిగిలిపోతోంది.

ఇక డాబా మీదికి వెళ్దాం. మే నెలలో ఎండ మండిపోతుంది కాబట్టి కరెంటు కూడా దంచేస్తుందని చాలామంది నమ్మకం. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే మధ్యాహ్నం హైదరాబాద్ డాబా మీద ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున పోతే, 540 వాట్లది 470 దగ్గర ఆగుతుంది. పక్క సైట్‌లో అపార్ట్‌మెంట్ కడుతుంటే ఆ దుమ్ము సంగతి సరేసరి.

వేడి కన్నా నీడ ఇంకా చెడ్డది. మన ఇళ్లలో వాటర్ ట్యాంకు, మెట్ల గది రెండూ డాబా మీదే ఉంటాయి. ప్యానెల్‌లోని సెల్స్ వరుసలుగా, గొలుసులా ఒకదానికొకటి కలిపి (సిరీస్‌లో) ఉంటాయి. ట్యాంకు నీడ ఒక మూల పడినా, నీళ్ల పైపును ఒకచోట కాలితో తొక్కినట్టు ఆ వరుస మొత్తం ప్రవాహం పడిపోతుంది. నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారి పట్టించే బైపాస్ డయోడ్లు నష్టాన్ని కొంత ఆపుతాయి కానీ పూర్తిగా కాదు. కొటేషన్ ఇచ్చే ముందు ఉదయం తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకి నీడ ఎక్కడ పడుతోందో డాబా ఎక్కి చూడని వాడికి అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇంకో మాట. లైన్‌లో కరెంటు పోతే మీ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా, ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగేలా చేస్తారు. మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ, ఇంట్లో ఫ్యాన్ తిరగదు. బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటే తప్ప ఇది తప్పదు. పెట్టించుకున్నాక ఈ సంగతి తెలిసినవాళ్లు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

ప్యానెల్ కన్నా ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 28 నుంచి 30. రోజుకు పది గంటలు తిరిగే నాలుగు ఫ్యాన్లు మారిస్తే దాదాపు 1.8 యూనిట్లు మిగులుతాయి, అర కిలోవాట్ ప్యానెల్ పనికి అది కొంచెమే తక్కువ. పైగా ఈ పొదుపు రాత్రి పూట కూడా దొరుకుతుంది. పై అంతస్తు వాళ్లకు ఇంకో బాధ, రాత్రి పదకొండింటికి కూడా స్లాబ్ సెగ కక్కుతూనే ఉంటుంది. డాబాకి తెల్లటి కూల్ పెయింట్ వేస్తే ఏసీ మీద భారం తగ్గుతుంది. 2023లోనే తెలంగాణ దీనికంటూ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, కానీ పాలసీ ఉన్నట్టు తెలిసిన బిల్డర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

స్నానం నీళ్లకు సోలార్ వాటర్ హీటరే మేలు. ప్యానెల్ ఎండలో 20 శాతం చిల్లరను కరెంటుగా మారుస్తుంది, హీటర్ సగానికి పైగా నేరుగా వేడిగా మారుస్తుంది. పైగా అది వేడిని సాయంత్రం నుంచి తెల్లారేదాకా దాస్తుంది. చిక్కల్లా బోరు నీళ్లతోనే. ఏడాది తిరక్కుండా ట్యూబుల్లో సున్నం పేరుకుంటుంది. మంజీరా నల్లా నీళ్ల కనెక్షన్ ఉన్నవాళ్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

డాబా మీద చిన్న గాలిమర గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. వద్దు. గాలి వేగం సగమైతే పవర్ ఎనిమిదో వంతు అవుతుంది, ఊళ్లో ఇళ్ల మధ్య వీచే గాలికి అది తిరగడమే గొప్ప. చెత్త నుంచి కరెంటు అంటే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూడండి. రోజుకు పది టన్నుల వ్యర్థాలతో దాదాపు 500 యూనిట్లు తీస్తారు. 125 కిలోవాట్ల ప్యానెళ్లూ అంతే ఇస్తాయి. అయినా ఆ ప్లాంటును నేను సమర్థిస్తాను, పది టన్నుల కుళ్లు డంపింగ్ యార్డుకు వెళ్లకుండా ఆపుతోంది కాబట్టి. కరెంటు అక్కడ కొసరు.

ఇక అసలు సమస్య, రాత్రి. నగరంలో ఏసీలు నిండుగా నడిచేది పడుకునే వేళ, సోలార్ అప్పటికి సున్నా. మిగిలిన సోలార్ కరెంటును లైన్‌కి ఇచ్చి తర్వాత అంత వాడుకునే నెట్ మీటరింగ్‌లో మధ్యాహ్నం యూనిట్‌కి రాత్రి యూనిట్ సరిసమానంగా చెల్లు కాబట్టి మన బిల్లులో ఈ తేడా కనబడదు. గ్రిడ్‌కి మాత్రం కనబడుతుంది. రాత్రి యూనిట్ ఏదో బొగ్గు కేంద్రం నుంచో, జలాశయం నుంచో రావాలి. ఇంటింటికీ బ్యాటరీ కన్నా నాకు శ్రీశైలం ఎడమగట్టు మీదే నమ్మకం. అక్కడి భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల టర్బైన్లు ఆరున్నాయి, అవసరమైతే వెనక్కి తిరిగి కిందున్న సాగర్ నీళ్లను పైకి తోడగలవు. మధ్యాహ్నం మిగులు సోలార్‌తో తోడి, రాత్రి వదిలితే పెట్టిన దాంట్లో నాలుగింట మూడొంతులు తిరిగొస్తుంది. యంత్రాలున్నాయి, కొండలున్నాయి. కానీ ఆ నీళ్ల మీద రెండు రాష్ట్రాల పంచాయితీ ఏళ్లుగా తెగదు.

వాడకాన్నే మధ్యాహ్నానికి జరపడం అన్నింటికన్నా చౌక. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, ఎండ కాసే గంటల్లో యూనిట్ ధర మామూలు ధర కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. కానీ దానికి ముందు ఇంటికి స్మార్ట్ మీటరు రావాలి. ఇప్పుడున్న మీటరు ఎంత కాలిందో చెప్తుంది తప్ప ఎప్పుడు కాలిందో బిల్లులో చూపదు. కరెంటు పంపిణీ సంస్థ (డిస్కమ్) పట్టుదలగా చేయాల్సిన పని ఇదేనని నా అభిప్రాయం. అపార్ట్‌మెంట్ సంపు మోటారును ఉదయం ఆరింటికి కాకుండా పదకొండింటికి వేయమని వాచ్‌మన్‌కి ఒక్క మాట చెప్తే చాలు. ఆ మాట చెప్పాల్సిన అవసరం అసోసియేషన్‌కి ఈ రోజు లేదు. యూనిట్‌కి రూపాయో రెండో తగ్గితే వాళ్లే చెప్తారు.