తిరుపతి ఇంటి కిటికీలు చూడవలసింది సంక్రాంతికి కాదు

చలికాలానికి ముందు కిటికీల సందులు పూడ్పించడం అమెరికాలో మనకు అలవాటైన పనే. లోపలి వేడి బయటికి పోకూడదన్నది ఇక్కడి చింత. తిరుపతిలోని మన ఇళ్ళకు, అవి అమ్మానాన్నలు ఉంటున్నవైనా, తాళం వేసి వచ్చినవైనా, చలితో బెడద తక్కువ, ముప్పంతా వానతోనే. అక్టోబరు మూడో వారం ప్రాంతంలో మొదలయ్యే ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా ఉంటాయి. 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలు ఆ కాలంలో వచ్చినవే. మనమేమో సంక్రాంతికి వెళ్ళి, కిటికీ కింద ఉబ్బిన రంగు చూసి, పెయింటరును పిలిపించి తిరిగి వస్తున్నాం. ఈ వరుస మారాలనీ, కిటికీల పని శ్రీవారి బ్రహ్మోత్సవాల నాటికే ముగియాలనీ నా అభిప్రాయం.

వాస్తు చూసుకొని తూర్పు, ఉత్తరాలకే ఎక్కువ కిటికీలు పెట్టించుకుంటాం. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో జల్లు ఎక్కువగా కొట్టేది ఆ దిక్కుల నుంచే. వాస్తును తప్పుపట్టడం లేదు, ఆ వైపు సన్‌షేడ్లు కురచగా పోయించిన వారినే అంటున్నాను. పరీక్ష కూడా ఆ వైపు నుంచే మొదలుపెట్టాలి.

అల్యూమినియం, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్ కిటికీల అడుగు ట్రాక్‌లో నీరు బయటికి పోయేందుకు సన్నని రంధ్రాలుంటాయి. వేసవి దుమ్ము, చచ్చిన పురుగులు పేరుకొని అవి మూసుకుపోతే, ట్రాక్ నిండి నీరు గదిలోకి పొర్లుతుంది. అద్దాలు తళతళలాడేలా తుడిచి ఈ ట్రాక్‌ను వదిలేసే శుభ్రత వానకు అక్కరకు రాదు. ముందు పొడి బ్రష్షుతో దులిపి ఆ తర్వాతే తడపాలి, లేకుంటే దుమ్ము బురదై రంధ్రంలోనే గట్టిపడుతుంది. ఆపైన చెంబుడు నీళ్ళు పోసి, అవి బయటికి పోతున్నాయో లేదో చూడాలి. చట్రానికీ గోడకూ మధ్య సందు పూడ్చే సిలికాన్ పగిలిన చోట పాతదాన్ని గీకి తీయకుండా పైపైన కొత్తది పూస్తే సరిగా అంటుకోదు. తడిసిన గోడకూ పట్టదు కనుక వానలు మొదలయ్యాక ఈ పని చేయించి లాభం లేదు. నీరు కారుతోందని చెప్పగానే ట్రాక్‌లోని రంధ్రాలను కూడా సిలికాన్‌తో పూడ్చేసే పనివారున్నారు. ఈ సంగతి ముందే హెచ్చరించాలి.

పాత టేకు కిటికీల విషయంలో జాగ్రత్త ఒక్కటే: వానకు ఉబ్బి బిగుసుకున్నప్పుడు చిత్రిక పట్టిస్తే, కొయ్య ఆరాక సందులు మిగులుతాయి.

బయటివైపు పనికి పెద్దవాళ్ళను స్టూలెక్కనివ్వకుండా మనిషిని మాట్లాడాలి. వీడియో కాల్‌లో అద్దాలు కాదు, ట్రాక్‌లో నీళ్ళు పోసి చూపించమని అడిగి, ఆ తర్వాతే డబ్బు పంపడం మంచిది.