పెద్దోళ్ల బీపీ పట్టా గారికి ఒక దండం

అయ్యా, బీపీ చూసెటందుకు చేతికి చుట్టే పట్టా గారూ,

నిన్న మధ్యాహ్నం నల్లగొండ దవాఖానల కలిసినం, గుర్తుందా? మా ఐదేండ్లోని చేతికి భుజం కాడికెళ్లి మోచెయ్యి దాటిందాక రెండు చుట్లు తిరిగి ఇంకా మిగిలిన్రు. బుస్సుమని గాలి పీల్చుకుని పైబీపీ 74 అని చూపెట్టిన్రు.

గంతే. "లో బీపీ ఉందమ్మా, అడ్మిట్ చేయాలె" అన్నది సిస్టరు. నా చెప్పులు ఏడ ఇడిసిన్నో కూడ యాది లేదు. మేం పోయింది రెండు విరేచనాలకు, అవి కూడ పొద్దుగాలనే ఆగినయ్, వాడేమో సెలైన్ స్టాండు పట్టుకుని రైలాట ఆడుతుండు. మా అత్తమ్మ ఫోన్లనే ఏడ్సుడు, ఉప్పేసి నిమ్మకాయ నీళ్లు తాపమని ఒకటే పోరు.

మూడు గంటలైనంక డాక్టరమ్మ వచ్చింది. ముందు తమరిని చూసింది, తర్వాత పిలగాన్ని చూసింది, "ఇది ఎవరికి చుట్టిన్రు?" అన్నది. గోరు నొక్కి ఇడిస్తే రెండు సెకండ్ల లోపే మళ్ల ఎర్రగైంది, అంటే రక్తం మంచిగనే తిరుగుతున్నదట. పిల్లలకు ఒంట్ల నీళ్లు తగ్గితే ముందుగాల గుండె ఉరుకుతదట, కాళ్లుచేతులు సల్లబడ్తయట, ఒంటేలు తగ్గుతదట, బీపీ పడుడు ఆఖరుకట, అప్పటిదాక వస్తే వీడు రైలు నడపడట. ఒకటి నుంచి పదేండ్ల లోపోళ్లకు వయసును రెండింతలు చేసి 70 కలిపితే వచ్చేదాని కన్నా పైబీపీ తక్కువుంటేనే లో బీపీ. మావోనికి ఐదేండ్లు గాబట్టి ఆ హద్దు 80. చిన్న చేతికి పెద్ద పట్టా చుడితే ఉన్నదాని కన్నా తక్కువనే చూపెడ్తదట!

పిల్లల పట్టా ఏడున్నది? డ్రాయర్ల. ఎలుగుబంటి బొమ్మలున్నది, కవరు గూడ చింపలే. "మాసిపోతదని దాసినం మేడం" అన్నది సిస్టరు. దాంతోని చూస్తే 96.

మాసిపోతదా? మూడు గంటలు నా పానం తీసి దండెం మీద ఆరేసిన్రు గదా, అది మాసిపోలేదా? ఇగ గారూ గీరూ లేదు. అరే పట్టా, నీ నడుం మీదనే అడల్ట్ అని అచ్చేసి ఉన్నది, నేను కూడ దాన్నే చూస్కుంట కూసున్న, నాకూ బుర్రకెక్కలే, అదే ఇంకా మండుతున్నది.

పొద్దుగాల మావోడు వాళ్ల నాయిన బెల్టు చేతికి చుట్టుకుని "అమ్మా, నాకు లో బీపీ, బడికి పోను" అంటుండు. వచ్చి నువ్వే చెప్పు వానికి.