నోరెండిన రెండక్షరాలు

ఇంగ్లీషులో కరువును ‘డ్రౌట్’ అంటారు. రాసేటప్పుడు మధ్యలో జీ, హెచ్ అని రెండక్షరాలు కూర్చుంటాయి. పలికేటప్పుడు వాటి జాడే ఉండదు. బడిలో ఆ రెండూ ఎందుకున్నాయని అడిగితే మాస్టారు నన్ను బెంచీ ఎక్కించారు. ఇన్నేళ్లకు జవాబు నాకే తోచింది: కరువు కదా, పాపం నోరెండి మాట పెగలడం లేదు.

నవ్వకండి, విషయం గంభీరమైనది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఈ మాట ‘డ్రూగథ్’. పొడి అని అర్థమిచ్చే ‘డ్రై’కి దగ్గరి చుట్టం. ఆ మధ్య అక్షరాన్ని అప్పట్లో గొంతులోంచి గరగరమని పలికేవారు. తరాలు గడిచి గరగర పోయింది, రాత మిగిలింది. చివరి ‘థ్’ కాస్తా ‘ట్’ అయింది. ఇంకో విచిత్రం చూడండి. ఈ మాటలో ఓ తీసి ఏ పెడితే ‘డ్రాఫ్ట్’ అవుతుంది, అంటే గుక్క. పీపాలోంచి పట్టిచ్చే బీరుకూ అదే మాట. అదే జీ, అదే హెచ్. గొంతు తడవగానే వాటికి ‘ఫ్’ అని నోరొచ్చింది!

మొదట్లో ఈ మాట నేలకే చెందింది. 14వ శతాబ్దపు కవి చాసర్ తన కాంటర్‌బరీ కథలను ఎత్తుకున్నదే మార్చి నెల ఎండుదనాన్ని ఏప్రిల్ జల్లులు వేరుదాకా తడిపాయంటూ. ఆ తర్వాతెప్పుడో మాట నేలను వదిలి మనిషి గొంతెక్కింది. స్కాట్లాండు వాళ్లు పాత ‘థ్’ను పోనివ్వకుండా ‘డ్రూత్’ అంటారు. అక్కడ దాహమూ డ్రూతే, తాగుబోతూ డ్రూతే. అక్కడి కవి రాబర్ట్ బర్న్స్ రాసిన టామ్ ఒ షాంటర్ కథలో టామ్ పక్కన చెప్పులు కుట్టే జానీ ఉంటాడు. సారాయి దుకాణంలో పొయ్యి పక్కన ఇద్దరూ గ్లాసు మీద గ్లాసు ఖాళీ చేస్తూనే ఉంటారు. అయినా కవి జానీకి తగిలించిన విశేషణం ‘డ్రూతీ’, అంటే ‘దాహం తీరనివాడు’ అనే! చుక్క నీరు లేకపోతే కరువని మనం అనుకుంటాం. అక్కడ పీపా ఖాళీ చేసినవాడే కరువు. మనం మాత్రం ఏం తక్కువ? ‘కరువుతీరా తాగాడు’ అని చెప్పుకొనేది నీళ్ల గురించేనా?

ఇలా దారి తప్పిన మాటను బ్రిటిష్ వర్షపాత శాస్త్రజ్ఞుడు జార్జ్ సైమన్స్ 1887లో చెవి పట్టుకుని లెక్కల్లో కూర్చోబెట్టారు. వరసగా 15 రోజుల పాటు ఏ రోజూ అంగుళంలో నూరో వంతు వాన కూడా పడకపోతే అది ‘సంపూర్ణ కరువు’. ఈ నిర్వచనాన్ని అనంతపురం రైతు చెవిన వేస్తే, “పదిహేను రోజులేనా బాబూ? అయితే పదహారో రోజున పడుతుందా?” అని ఆశగా అడుగుతాడు.

పదిహేను రోజులకే సంపూర్ణమయ్యే కరువు నిజంగానే ముదిరితే? 1976 వేసవిలో ముదిరింది. బ్రిటిష్ ప్రభుత్వం ఆగస్టులో క్రీడల మంత్రి డెనిస్ హోవెల్‌ను కరువు మంత్రిని చేసింది. నీటి పొదుపు కోసం భార్యతో కలిసి స్నానం చేస్తున్నానని ఆయన లోకానికి తెలియజేశారు. మన మంత్రులెవరూ ఇంతటి త్యాగానికి సిద్ధపడినట్టు నేను వినలేదు. రోజుల్లోనే వానలు ముంచెత్తాయి. జనం ఆయన్ని వరదల మంత్రి అన్నారు. మూడేళ్లు తిరక్కుండానే మంచు ముంచుకొస్తే ఆ పనీ ఆయనకే అప్పగించారు.

ఇంత కథలో ఈ మాటతో సుఖపడింది ఒక్కరే. స్కాట్లాండులో ఎండ కాసి గాలి హాయిగా వీస్తే, బట్టలు ఆరేసుకునే ఇల్లాలు ‘ఇవాళ మంచి డ్రూత్’ అంటుంది. మంటలేదు, మత్తు లేదు, మంత్రి లేడు, దండెం మీద తడి దుప్పట్లు మాత్రమే. హోవెల్ నియామకం కబురు రేడియోలో విన్న పూట మాత్రం ఆ తల్లి చేతిలో పని వదిలేసి దండెం దగ్గరికి పరుగెత్తి ఉండాలి.