నెల డబ్బు కట్టేది గళ్లు చూడటానికా?

తిరుమల బ్రహ్మోత్సవాల గరుడ సేవ ప్రసారం ఇప్పుడే ముగిసింది. నా కోపం మాత్రం ఇంకా దిగలేదు.

మా ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో. మిద్దె ఎక్కితే కొండ కనిపిస్తుంది. కానీ అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు, మోకాళ్లు సహకరించవు, ఆ జనంలోకి తీసుకెళ్లలేం. ఏడాదంతా ఆమె ఎదురుచూసేది ఈ ఒక్క రాత్రి కోసం. మూలవిరాట్టుకు ఉండే మకరకంఠి, లక్ష్మీహారం, సహస్రనామ మాల ఉత్సవమూర్తి మలయప్ప స్వామికి అలంకరించే రోజు ఇది. సాయంత్రమే తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, టీవీ ముందు కూర్చుంది.

వాహనం కదిలింది. బొమ్మ ముక్కలైంది. స్వామి ముఖం ఉండాల్సిన చోట నాలుగు పసుపు గళ్లు! "మకరకంఠి ఎక్కడరా?" అని అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని అడుగుతుంటే నేను ఏం చూపించాలి?

ఈ నెల డబ్బు మొన్ననే కట్టాను. హెచ్‌డీ ప్యాకేజీ, పన్నుతో కలిపి నాలుగు వందల పైనే. కేబుల్ ఆఫీసుకు ఫోను చేస్తే అవతలి అబ్బాయి చెప్పిన మాట వినండి: "మీ టీవీ పెద్దది సార్, అందుకే అలా కనిపిస్తోంది." పెద్ద టీవీ కొనడం నా తప్పయింది! ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, అదే టీవీలో, యూట్యూబ్‌లో తిరుమల దేవస్థానం ఛానల్ ఎస్వీబీసీ ప్రసారం పెట్టాను. అదే తెర, అదే కెమెరా, అదే స్వామి. గొడుగు అంచున కుచ్చులు కూడా లెక్కపెట్టేలా ఉంది బొమ్మ. ఇంతా చేసేసరికి అమ్మ చూడాలనుకున్న హారతి అయిపోయింది. అరగంటకు డేటా కూడా అయిపోయింది.

అంటే తప్పు కెమెరాది కాదు, ఛానల్‌ది కాదు, నా టీవీది అసలే కాదు. మధ్యలో ఎవరో పిండేస్తున్నారు. కేబుల్‌లో ఉన్న ఒక్క దారిలో ఇంకో పది ఛానళ్లు ఇరికించాలంటే ఒక్కోదానికి ఇచ్చే వాటా తగ్గించాలి. వార్తలు చదివే మనిషి కదలకుండా కూర్చుంటాడు కాబట్టి ఆ కోత మనకు తెలియదు. మాడ వీధుల్లో వేల తలలు, ఊగే గొడుగులు, కర్పూర హారతి మంట, అన్నీ ఒకేసారి కదులుతుంటే ఆ వాటా చాలదు, గళ్లు పడతాయి. హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20 లక్షలకు పైగా చుక్కలు ఉంటాయి. మామూలు ఛానల్‌లో 720, 576, అంటే 4 లక్షల చిల్లర. ఐదింతల చుక్కలని చెప్పి అమ్ముతారు. వాటిని నింపేంత సమాచారం పంపకపోతే హెచ్‌డీ అన్నది పేరుకే.

మా చిత్తూరు వైపు పాల కేంద్రంలో వెన్న శాతం కొలిచి రేటు కడతారు. నీళ్ల పాలు పోస్తే ఆ రేటు రాదు. టీవీకి మాత్రం చెంబులు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటున్నారు. ఎన్ని ఛానళ్లు అన్నదే లెక్క, అందులో బొమ్మ ఎలా ఉందో ఎవరికీ పట్టదు.

ఈ లెక్క 2019 ఫిబ్రవరిలో మొదలైంది. చూసే ఛానల్‌కే డబ్బు కట్టండి అన్నారు. ఎంత సంబరపడ్డామో! తీరా చూస్తే ఒక్క పే ఛానల్ కూడా తీసుకోకపోయినా వంద ఛానళ్ల వరకు గరిష్ఠంగా 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 153 రూపాయల 40 పైసలు ముందే కట్టాలన్నారు. అమ్మ చూసేది ఎస్వీబీసీ, డీడీ సప్తగిరి. రెండూ ఉచిత ఛానళ్లే! ఉచితంగా ఇచ్చేదాన్ని ఇంటికి తెచ్చినందుకు అంత తీసుకున్నవాళ్లు, చెడకుండా తేవాలా వద్దా? 2024 జులైలో ఆ 130 పరిమితి కూడా ఎత్తేశారు. ఇక వాళ్ల ఇష్టం.

పోనీ వేరే కంపెనీకి మారిపోదామంటే సెట్‌టాప్ బాక్సు అడ్డం. ఒకరి బాక్సు ఇంకొకరి దగ్గర పనిచేయదు. ఏ బాక్సయినా ఎక్కడైనా పనిచేయాలని, టీవీ, ఫోను కంపెనీల మీద నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ 2020 ఏప్రిల్‌లోనే సిఫారసు చేసింది. మా అటక మీద మాత్రం డబ్బు పోసి కొన్న రెండు పాత బాక్సులు దుమ్ము పట్టి ఉన్నాయి. ఫోను నంబరు మార్చకుండా కంపెనీ మారగలుగుతున్నాం, టీవీకి ఎందుకు కుదరదు?

అమ్మ పట్టుచీర మడిచి పెట్టేసింది. "వచ్చే ఏడు చూద్దాంలే" అంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి ఆ మాట అంటే నాకు గొంతు పట్టేసింది.

రేపు ఉదయం వైరు మార్చడానికి మనిషి వస్తాడట. వైరుకు డబ్బు వేరుగా ఇవ్వాలట. ఇవ్వను. ముందు రథోత్సవం నాటికి బొమ్మ సరిగ్గా రానివ్వండి.