ఓట్లడిగింది మీరే, ఇప్పుడు లెక్కలోకి రాదంటే ఎలా?

యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి రావాలా వద్దా అని 2016 జూన్ 23న బ్రిటన్‌లో జనాన్ని ఓటు అడిగారు, ఎక్కువమంది రావాలన్నారు. అదే బ్రెగ్జిట్ రెఫరెండం. ఏటా జూన్ 23 దగ్గరపడిందంటే చాలు, మా ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ ప్రత్యక్షం. "బ్రెగ్జిట్ రెఫరెండం ఫలితాన్ని బ్రిటన్ ప్రభుత్వం పక్కన పడేసి ఉండాల్సింది" అని మొదలై, కింద ఆరు కారణాలు, చివర రెండు దండం బొమ్మలు. ఈసారి నలుగురు విడివిడిగా పంపారు. అందులో ఒకరు మా తోడల్లుడు, ఆయన ఉండేది కరీంనగర్‌లో.

ముందే ఒక మాట. 2016లో నేను లండన్ పక్కనున్న స్లౌ అనే ఊళ్లో వర్క్ వీసా మీద ఉన్నాను, ఓటు వేశాను, యూరోపియన్ యూనియన్‌లో ఉండిపోవాలనే వేశాను. ఓడిపోయాను. కాబట్టి నన్ను అవతలి జట్టు వాడని తోసిపారేయకండి.

మొదటి కారణం, "అది సలహా మాత్రమే, చట్టప్రకారం ప్రభుత్వం కట్టుబడక్కర్లేదు" అని. కాగితం మీద నిజమే. 2017 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు కూడా 8-3 తేడాతో, బయటికి రావాలంటే పార్లమెంటు చట్టం చేయాల్సిందేనని చెప్పింది. చేసింది కదా మరి! దిగువసభలో 494 మంది అవునన్నారు, 122 మంది కాదన్నారు. అసలు సంగతి అది కాదు. 2016 ఏప్రిల్‌లో ప్రభుత్వమే 93 లక్షల పౌండ్లు ఖర్చుపెట్టి ఇంటింటికీ ఒక కరపత్రం పంపింది. నిర్ణయం మీదే, మీరేం తేలిస్తే దాన్ని ప్రభుత్వం అమలు చేస్తుందని అందులో అచ్చేసి ఉంది. రాష్ట్ర విభజనప్పుడు మన అసెంబ్లీ బిల్లును తిప్పి కొడితే ఢిల్లీ ఆగిందా? ఆగలేదు. మన రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం అభిప్రాయం అడగాలంతే, మీరు చెప్పినట్టే చేస్తామని ఎవరూ రాసివ్వలేదు. అది మంచో చెడో, ఆ గొడవ మా ఇంటి పెళ్లిళ్లలో ఇంకా నడుస్తోంది, ఇక్కడ వద్దు. బ్రిటన్‌లో మాత్రం రాసిచ్చారు. రాసిచ్చాక "ఊరికే సలహా అడిగాం" అనడం ఓడ దాటాక బోడి మల్లయ్య అనడమే.

రెండోది, "మొత్తం ఓటర్లలో 37 శాతమే బయటికి రావాలన్నారు" అని. అవును, 1 కోటి 74 లక్షల మంది. ఉండాలన్నవాళ్లు 1 కోటి 61 లక్షలు, అంటే ఇంకా తక్కువ శాతం. ఇంట్లో కూర్చున్నవాళ్లందరినీ మన ఖాతాలో వేసుకునే లెక్క ఏ స్కూల్లో నేర్పారో నాకు తెలియదు. ఇన్ని శాతం వస్తేనే చెల్లుతుందని పెట్టాలంటే ముందే పెట్టాలి. 1979లో స్కాట్లాండ్‌కి సొంత అసెంబ్లీ ఇవ్వాలా అని అడిగినప్పుడు, మొత్తం ఓటర్లలో 40 శాతం దాటాలని ముందే చట్టంలో రాశారు. 51.6 శాతం అవునన్నా, 40 దాటలేదు కాబట్టి ఆగిపోయింది. 1997లో వేల్స్‌లో అలాంటి షరతు లేదు. సగం మందే ఓటేశారు, తేడా 6,721 ఓట్లు, అసెంబ్లీ వచ్చింది, ఇవాళ్టికీ నడుస్తోంది. దాన్ని రద్దు చేయమని ఈ గ్రూపులో ఒక్క మెసేజ్ చూడలేదు నేను.

ఈయూకి వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామని, బయటికి రావాలన్నవాళ్లు ప్రచార బస్సు మీద రాసిన అబద్ధం మూడోది. అబద్ధమే. బయటికొస్తే వెంటనే పన్నులు పెంచే ఎమర్జెన్సీ బడ్జెట్ పెడతానని ఉండాలన్నవైపు ఉన్న అప్పటి ఆర్థికమంత్రి ఆస్‌బోర్న్ కూడా బెదిరించాడు, అది రానే లేదు. ప్రచారంలో అబద్ధాలాడారని ఫలితాలు కొట్టేస్తూ పోతే మన దగ్గర ఒక్క అసెంబ్లీ మిగలదు.

నాలుగోది, "ముసలాళ్లు ఓటేశారు, వాళ్లలో చాలామంది పోయారు." మా నాయనమ్మ కూడా ఓటేసిన ఏడాదే పోయింది. ఎమ్మెల్యేని దిగమందామా?

అయిదోది, "దేశాన్ని చీల్చే ఫలితాన్ని అమలు చేయకూడదు." 1967లో గోవాను మహారాష్ట్రలో కలపాలా వద్దా అని ఓటింగ్ పెడితే 34,021 ఓట్ల తేడాతో వద్దన్నారు. కలపాలన్న పార్టీయే అదే ఏడాది మార్చిలో జరిగిన ఎన్నికల్లో మళ్లీ గెలిచింది. గెలిచింది కదా అని ఫలితాన్ని తిరగేయలేదు, గోవా గోవాగానే ఉంది.

ఇక అసలు నా ఒళ్లు మండించింది, "జనానికి ఏం తెలుసు, ఓటేశాక మర్నాడు ఈయూ అంటే ఏంటని గూగుల్‌లో వెతికారు, చదువులేనివాళ్లకి ఇంత పెద్ద ప్రశ్న ఇవ్వకూడదు" అన్న పాయింటు. దీని కింద నవ్వు బొమ్మలు పెట్టినవాళ్లు పదకొండు మంది, లెక్కపెట్టాను. వెతికినవాళ్లు ఓటేసినవాళ్లో కాదో, ఎటు వేశారో, గూగుల్ మీకు ఫోన్ చేసి చెప్పిందా? మా స్లౌలో 54 శాతం బయటికే వేశారు, మన ఆసియా వాళ్లే అంత ఎక్కువగా ఉండే ఊళ్లో. వాళ్లతో మాట్లాడాను నేను. ఈయూ దేశం కాబట్టి పోలండ్ వాడు టికెట్ కొనుక్కుని కుటుంబంతో వచ్చేస్తాడు, నేను నా భార్యని తెచ్చుకోవాలంటే జీతం స్లిప్పులు, ఫీజులు, ఇంటర్వ్యూలు, ఇదెక్కడి న్యాయం అని అడిగిన పంజాబీ పెద్దాయన అమాయకుడు కాదు. ఆయన లెక్క నాకు నచ్చలేదు, అంతే. 1951 జనాభా లెక్కల్లో మన దేశంలో అక్షరాస్యత 18 శాతం. ఆ జనంతోనే అదే ఏడాది మొదటి సాధారణ ఎన్నికలు మొదలుపెట్టాం. డిగ్రీ చూసి ఓటివ్వాలంటే, ఇది ఫార్వర్డ్ చేసిన మీలో ఎంతమంది తాతలకి ఓటుండేది? మా తాతకైతే వేలిముద్రే. పైగా ఇదే పదకొండు మంది, మన ఊళ్లో ఎన్నికలప్పుడు "మందుకీ డబ్బుకీ అమ్ముడుపోయే జనం" అని పోస్టులు పెడతారు. బ్రిటన్ మీద బెంగేమీ లేదు వీళ్లకి, పేదవాడి ఓటంటేనే చిరాకు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, మెసేజ్‌లో ఇది లేకపోయినా. కామన్వెల్త్ దేశం వాణ్ని కాబట్టి వచ్చి రెండేళ్లైనా కాని నాకు ఓటిచ్చారు, పన్నెండేళ్లుగా అక్కడే పన్నులు కడుతున్న నా పోలండ్ కొలీగ్‌కి ఇవ్వలేదు. ఆ రోజు ఆఫీసులో ఆమె మొహం చూడలేకపోయాను. ఇంకోటి, బ్యాలెట్ మీద అడిగింది ఉండాలా, బయటికి రావాలా అని మాత్రమే. నార్వే యూనియన్‌లో లేకుండానే ఆ దేశాల ఉమ్మడి మార్కెట్‌లో ఉంది. ఆ మార్కెట్‌ని కూడా వదిలేస్తామని 2017లో అప్పటి ప్రధాని థెరిసా మే ప్రకటించింది, అది ఎవరూ ఓటేసి చెప్పింది కాదు. 2019లో "బయటికొచ్చే ఒప్పందం మీద మళ్లీ ఓటు పెట్టండి" అన్నవాళ్లని నేను ఓడిపోయి ఏడుస్తున్నారని వెక్కిరించాను. తప్పే. ఈయూని ఏర్పరిచిన మాస్ట్రిక్ట్ ఒప్పందం వద్దని డెన్మార్క్ జనం 1992లో ఓటేశారు, ప్రభుత్వం మినహాయింపులు తెచ్చి 1993లో మళ్లీ అడిగింది, సరేనన్నారు. మళ్లీ అడగడం వేరు, చెప్పిన జవాబుని చింపేయడం వేరు.

తిరిగి చేరాలని ఓటు పెడితే ఇప్పుడు పౌరుడిగా వెళ్లి చేరాలనే వేస్తాను. ఆ కరపత్రం మా ఇంట్లో పాస్‌పోర్టుల ఫైల్లో ఇంకా ఉంది. సాయంత్రం ఫోటో తీసి గ్రూపులో పెడతాను, దాన్ని కూడా ఫార్వర్డ్ చేయండి.