టేపు సున్నా పట్టుకొను విద్యను గూర్చి

పిల్లవాడు క్వాంటిటీ సర్వేయర్ కావాలంటే ముందు పెద్ద చదువులకు పంపాలా, కట్టుబడి పనిలో అప్రెంటిస్‌గా చేర్చాలా అన్న ప్రశ్న గోదావరి డెల్టాలోని మధ్యతరగతి కుటుంబాలకు నిద్ర పట్టనివ్వడం లేదని చెప్పాలని నాకు ఎంతో కోరికగా ఉంది. కానీ అటువంటి ఉద్యోగం ఒకటి ఉన్నదని తెలిస్తే గదా నిద్ర చెడేది! అందుచేత, మా మేనల్లుడు పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ముగించి, అమలాపురం దగ్గర లేస్తున్న ఒక భవనం పనిలో ఏడాదికి అప్రెంటిస్‌గా చేరిన శుభ సందర్భాన్ని పురస్కరించుకొని, ఈ వృత్తి మహిమను లోకానికి చాటే భారాన్ని నేనే నెత్తికెత్తుకున్నాను.

తొలి ఆటంకం పేరు దగ్గరే వచ్చింది. సర్వేయర్ అనగానే మా వీధి వీధంతా వాడు గొలుసు పట్టుకొని పొలాలు కొలుస్తాడనుకుంది. చేరిన మూడో నాటికే పక్కింటి తాతగారు దస్తావేజులు గుడ్డ సంచిలో పెట్టుకొని వచ్చి, "ఒరేయ్ అబ్బాయ్, మా గట్టు అవతలివాడు ఏటా జానెడు చొప్పున తినేస్తున్నాడు, ఓసారొచ్చి రాయి పాతి పోరా" అన్నారు. తాను కొలిచేది భూమిని కాదనీ, దాని మీద లేచే గోడలనూ స్లాబులనూ కొలిచి, వాటిలోకి ఎంత సిమెంటు, ఎంత ఇసుక, ఎంత ఇనుము పోయిందో లెక్కగట్టి, ఎవరికెంత చెల్లించాలో తేల్చడమే తన పని అనీ వాడు వినయంగా విన్నవించుకున్నాడు. తాతగారు కాసేపు ఆలోచించి, "అయితే గుమాస్తావన్నమాట" అని సంచి చంకన పెట్టుకొని వెళ్లిపోయారు.

ఈ గుమాస్తానే మన దగ్గర బిల్లింగ్ ఇంజనీర్ అంటారు. దుబాయిలో, మస్కట్‌లో క్వాంటిటీ సర్వేయర్‌ను పొట్టి చేసి క్యూఎస్ అంటారు. లండన్‌లో 1868లో మొదలైన సర్వేయర్ల సంఘం ఆర్‌ఐసీఎస్ సభ్యత్వం దొరికితే చార్టర్డ్ సర్వేయర్ అంటారు. బ్రిటన్‌లో అప్రెంటిస్‌గా చేరి, జీతం తీసుకుంటూ, డిగ్రీ చదువుకుంటూ ఆ హోదా దాకా ఎదిగే దారి ఒకటి ఉంది. మన దారి కూడా అచ్చం అదే. జీతం, డిగ్రీ, హోదా అన్న మూడు చోట్ల మాత్రమే స్వల్ప భేదం.

చట్టం విషయంలో మనం ఎవరికీ తీసిపోము. 1961 నాటి అప్రెంటిస్ చట్టం అప్రెంటిస్ అనేవాడు శిక్షణ పొందేవాడే తప్ప కార్మికుడు కాడని స్పష్టంగా చెప్పింది. 2019 నాటి నిబంధనలు డిప్లొమా అప్రెంటిస్‌కు నెలకు 8,000 రూపాయలకు తక్కువ ఇవ్వరాదన్నాయి. కార్మికుడు కాడు గనుక మా వాడు ఉదయం ఆరింటికి గేటు తాళం తీస్తాడు, స్లాబు వేసిన రోజు రాత్రి పదకొండు దాకా కాంక్రీటు లారీల చీటీలు వరసగా దారానికి గుచ్చుతాడు, మధ్యలో కాంట్రాక్టరు తరఫున బిల్లులు చూసే పెద్ద సారుకు చక్కెర లేని టీ తెస్తాడు. ఇదంతా శిక్షణే. టీలో చక్కెర పడిన రోజున ఆ శిక్షణ మరీ లోతుగా సాగింది.

డెల్టాలో పుట్టినవాడికి కొలతలు కొత్తవి కావు. ఈ పచ్చదనమంతా 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పెట్టిన భిక్ష. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా గోదావరికి అడ్డంగా దాన్ని కట్టించిన కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలున్నాయి. ఆ పనిలో గొలుసు చివర పట్టుకొని ఎండలో నిలబడిన కుర్రాడికి మాత్రం నేను ఎక్కడా విగ్రహం చూడలేదు. అది అలా ఉండగా, కోనసీమలో పొలం కుంచాల్లో, ఇంటి స్థలం గజాల్లో, ధాన్యం బస్తాల్లో, రొయ్య కౌంటులో, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కలో, నడుస్తాయి. కౌంటు పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుందని ఇక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. ఇసుక ట్రాక్టరు వాడు యూనిట్ అంటాడు, అంటే నూరు ఘనపుటడుగులు. తాపీ మేస్త్రి చదరపు అడుగు అంటాడు. బిల్లు మాత్రం మీటర్లలో రాయాలి. ఒక ఘనపు మీటరుకు 35.3 ఘనపుటడుగులని మా వాడు నిద్రలో కూడా గొణుగుతున్నాడని మా అక్క దిష్టి తీయించింది.

ఇక కొలతల శాస్త్రానికి వస్తే, దాని వేదం ఐఎస్ 1200, అంటే కట్టడాల పని ఎలా కొలవాలో చెప్పే భారతీయ ప్రమాణం. అందులో ప్లాస్టరింగ్ అధ్యాయాన్ని ప్రతి వేదాంతీ చదవవలసి ఉంది. గోడలో 0.5 చదరపు మీటరు దాకా ఉన్న ఖాళీని లెక్కలోంచి తీయనక్కర్లేదు. అంతకు మించి 3 చదరపు మీటర్ల దాకా ఉంటే, రెండు వైపులా ఒకే పూత అయినప్పుడు, ఒక వైపే తీసివేయాలి. అంటే నిలువూ అడ్డమూ 60 సెంటీమీటర్లున్న స్నానాలగది వెంటిలేటరు ఉన్నా లేనట్టే. దాని మీద గాలికి పూసిన పూతకు కూడా మేస్త్రికి డబ్బు ముడుతుంది. ఆ ఖాళీ అంచులు తీర్చడానికి పట్టే శ్రమకు బదులుగా ఈ ఏర్పాటు అని పెద్దలంటారు. సబబే. కానీ ఇంటి యజమానికి ఈ మాట చెప్పి ఒప్పించే పని అప్రెంటిస్‌కు అప్పగించినప్పుడు, యజమాని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతూ, "ఇక్కడ గోడేదయ్యా?" అని అడిగారు. దానికి వేదంలో సమాధానం లేదు.

వాడి అసలు విద్యాభ్యాసం టేపు దగ్గర జరిగింది. సైటులో ఉన్నది ముప్పై మీటర్ల ఫైబర్ టేపు. దాని కొస రింగు, తొలి పది సెంటీమీటర్లూ ఎప్పుడో తెగిపోయాయి. అందువల్ల సున్నా పట్టుకునేవాడు పది దగ్గర గీతను గోడ మూలకు ఆనించి "పది" అని కేకవేయాలి. అవతల చదివేవాడు పది తగ్గించి రాసుకోవాలి. మా వాడు మొదటి వారం కేక వేయడం మరిచాడు. 6.20 మీటర్ల గోడ 6.30 అయింది. ఆ అంతస్తులోని ప్రతి గోడా రాత్రికి రాత్రి బెత్తెడు సాగింది. శనివారం సంగతి గుర్తొచ్చి, చెమటలు పట్టి, పెద్ద సారు ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాడు.

"తప్పని ఎవరన్నారు?" అన్నారాయన శాంతంగా. "చెక్ మెజర్‌మెంట్‌కొచ్చేవాళ్లు ఎలాగూ కోస్తారు. కోయడానికి వాళ్లకేదో ఒకటి మిగల్చాలి కదా."

ఆయన అన్నట్టే యజమాని తరఫు ఇంజనీరు కొలతలు సరిచూడడానికి వచ్చి, టేపు విప్పకుండానే, కొలతలు రాసే పుస్తకమైన ఎం.బుక్‌లో మూడు పేజీలు తిరగేసి, కొన్ని అంకెలు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి పొట్టి సంతకాలు పెట్టారు. ఎం.బుక్‌లో చెరపడం మహాపాపం, కొట్టివేసి సంతకం పెట్టడం ధర్మం. ఆ కోతలన్నీ కూడి చూస్తే గోడలు దాదాపు వాటి అసలు పొడవుకే వచ్చి నిలిచాయి. ఒక పక్షం ఎక్కువ రాసి, మరొక పక్షం చూడకుండా తగ్గించి, ఇద్దరూ కలిసి సత్యాన్ని ఇంత దగ్గరగా పట్టుకోగలరని మూడేళ్ల డిప్లొమాలో వాడికి ఎవరూ చెప్పలేదు. అప్రెంటిస్ విధానం మీద నాకు గురి కుదిరింది అక్కడే.

కథ అంతటితో ముగియలేదు. మా వాడు మనసు ఊరుకోక, తన మొదటి నెల డబ్బులతో కొత్త స్టీలు టేపు ఒకటి కొని, పాతదాన్ని ఇంటికి తెచ్చి పడేశాడు. తర్వాతి బిల్లుకు కొలతలన్నీ మిల్లీమీటరు తేడా లేకుండా వచ్చాయి. ఇంజనీరు గారు మాత్రం అలవాటు తప్పకుండా మళ్లీ ఎర్ర సిరా తీశారు. ఈసారి గోడలు ఉన్నదానికంటే పొట్టివయ్యాయి, బిల్లు చిక్కిపోయింది.

సోమవారం పెద్ద సారు పిలిచి అడిగిన మొదటి మాట, పాత టేపు ఏమైంది అని. మా అక్క దాన్ని అప్పటికే పెరట్లో రెండు కొబ్బరి చెట్ల మధ్య బట్టలారేసుకోవడానికి కట్టేసింది. వాడు మధ్యాహ్నం బండి మీద వచ్చి, తడి చీరలు తీసి అరుగు మీద పెట్టి, ముడులు విప్పి, జాగ్రత్తగా చుట్టి తీసుకెళ్లాడు.