మందు రాయలేదని డాక్టరుకు ఒక్క స్టారా?

ఆన్‌లైన్ డాక్టర్ యాప్‌ల కింద జనం రాసే రివ్యూలు చదవడం నాకో పిచ్చి. వాటిలో పదే పదే కనబడే ఫిర్యాదు ఒకటుంది: "డబ్బు కట్టించుకున్నారు, యాంటీబయాటిక్ రాయలేదు, వేస్ట్." పక్కన ఒక్క స్టార్. దాని కిందే ఇంకొకరు మురిసిపోతూ ఉంటారు: "రెండు నిమిషాల్లో పనైపోయింది, అడిగిన మందు రాసేశారు, సూపర్ డాక్టర్." ఐదు స్టార్లు. నాకైతే ఈ సూపర్ డాక్టరంటేనే భయం. ఆ ఒక్క స్టార్ ఆయన పేరు మాత్రం రాసి పెట్టుకుంటాను.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. జలుబు, దగ్గు, సైనస్ లాంటి వాటికి ఆన్‌లైన్‌లో డాక్టరును చూసినవాళ్ల మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2018లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. యాంటీబయాటిక్ రాసిన డాక్టరుకు ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లు దాదాపు 91 శాతం. ఏ మందూ రాయకపోతే అది 72 శాతం దగ్గరే ఆగిపోయింది. మరుసటి ఏడాది పీడియాట్రిక్స్ పత్రికలో పిల్లల లెక్క వచ్చింది. ఇలాంటి జబ్బులకే ఆన్‌లైన్ విజిట్లలో 52 శాతం పిల్లలకు యాంటీబయాటిక్ రాశారు. ఎప్పుడూ చూపించుకునే సొంత డాక్టరు దగ్గర అది 31 శాతం. జబ్బులు అవే, పిల్లలు అలాంటి పిల్లలే. మరి అంత తేడా ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఒకసారి డాక్టరు వైపు నుంచి చూడండి. "ఇది వైరస్ అండీ, యాంటీబయాటిక్ వేసినా లాభం లేదు, వారంలో దానంతట అదే తగ్గుతుంది" అని చెప్పి ఒప్పించడానికి బోలెడు మాటలు కావాలి. "ఐదు రోజుల కోర్సు రాస్తున్నా" అనడానికి ఒక్క ముక్క చాలు. వెయిటింగ్‌లో ఇంకో నలుగురుంటారు. కాల్ అయిపోయిందో లేదో, పేషెంట్ ఫోన్‌లో స్టార్లు ప్రత్యక్షం. అసలు మందు పనిచేసిందో లేదో తెలియకముందే మార్కులేమిటండీ? నాలుగు రోజులాగి "తగ్గిందా?" అని అడిగి, ఆ తర్వాత ఇమ్మనొచ్చు కదా స్టార్లు!

కొన్ని చోట్ల కాల్ కూడా ఉండదు. నాకు తగిలిన ఒక యాప్‌లో ఉన్నదల్లా ఫారమే. బాధ ఏమిటో టిక్ పెట్టాలి, ఎన్ని రోజులుగానో టిక్ పెట్టాలి. తర్వాత "మీకు కావలసిన మందు ఎంచుకోండి" అంటూ అమోక్సిసిలిన్, అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్ వరసగా, చొక్కా సైజు ఎంచుకున్నట్టు. అలర్జీలున్నాయా అన్న గడిలో "లేవు" అని వాళ్లే ముందుగా టిక్ పెట్టి ఉంచారు. నేనింకా నోరు విప్పలేదు, నాకు పడని మందేదీ లేదని వాళ్లకెలా తెలుసు?

అలాగని ఆన్‌లైన్ వైద్యమే తప్పనే రకం కాదు నేను. చక్కగా కుదిరే జబ్బులున్నాయి. ఆడవాళ్లకు వచ్చే మామూలు యూరిన్ ఇన్ఫెక్షనే తీసుకోండి. మూత్రం పోసేటప్పుడు మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, వస్తే ఆపుకోలేకపోవడం ఉండి, వైట్ డిశ్చార్జ్, దురద లాంటివి లేకపోవడం. ఇవి సరిగ్గా చెబితే చాలు, చెయ్యి పెట్టి చూడకపోయినా డాక్టరు చాలావరకు నమ్మకంగా చెప్పగలరు. నైట్రోఫ్యురాంటాయిన్ ఐదు రోజులో, ఫాస్ఫోమైసిన్ ఒక్క డోసో రాస్తారు. కానీ ఆ మందు పేరు చెప్పేలోపు అడగాల్సినవి ఉంటాయి. చలిజ్వరం ఉందా? వీపు కింది భాగంలో పక్కకు నొప్పి ఉందా? వాంతులవుతున్నాయా? గర్భమా? షుగర్ ఉందా, కిడ్నీ జబ్బు ఉందా? ఈ మధ్య ఇదే వచ్చి మందు వాడారా? ఇవేవీ ఊసుపోక అడిగేవి కావు. నైట్రోఫ్యురాంటాయిన్ పనంతా మూత్రాశయం వరకే. ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకితే ఆ మందు చాలదు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు దాన్ని అసలు ఇవ్వరు. మగవాళ్లకు వచ్చినా, మళ్లీ మళ్లీ వస్తున్నా మూత్రంలో ఏ బాక్టీరియా ఉందో తేల్చే యూరిన్ కల్చర్ పరీక్ష చేయించాల్సిందే. ఇవన్నీ అడిగి, అప్పుడు రాస్తే ఆ చీటీ ఎదురుగా కూర్చుని రాయించుకున్నదానికి ఏమీ తీసిపోదు.

గొంతునొప్పి సంగతి వేరు. ఎక్కువ భాగం వైరస్ వల్లే వస్తుంది. స్ట్రెప్ అనే బాక్టీరియా అయి ఉండొచ్చా అని అంచనా కట్టడానికి డాక్టర్లు ముఖ్యంగా చూసేవి నాలుగు: జ్వరం, దగ్గు లేకపోవడం, టాన్సిల్స్ వాచి తెల్లగా చీము కనబడటం, మెడ ముందు వైపు బిళ్లలు నొప్పిగా వాయడం. మొదటి రెండూ మనం చెబితే తెలిసిపోతాయి. మూడోదానికి ఫొటో తీయాలి. ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో నాలుకను నొక్కిపట్టిన స్పూను, నోరంతా తెరిచి "ఆ" అంటూ ఎప్పుడైనా తీసి చూశారా? సగం ఫొటోల్లో పళ్లే పడతాయి, మిగతా సగం మసక. తీరా ఒకటి బాగా వచ్చినా, ఫ్లాష్ వెలుగుకు మెరిసేది చీమో ఉమ్మో తెలియదు. ఇక నాలుగోది వేళ్లతో తడిమి చూడాల్సిందే, ఏ కెమెరాకూ అందదు. పోనీ నాలుగూ ఉన్నాయనుకుందాం, అప్పుడూ ఖాయం కాదు. గొంతులో స్వాబ్ పెట్టి చేసే ర్యాపిడ్ టెస్ట్ నిమిషాల్లో తేలుస్తుంది. "వెళ్లి ఆ టెస్ట్ చేయించుకోండి, తర్వాత మాట్లాడదాం" అన్న డాక్టరు మిమ్మల్ని వదిలించుకోవడం లేదు, తన పని తాను చేస్తున్నారు. చెవినొప్పి మరీనూ. కర్ణభేరిని చూడకుండా ఎవరేం చెప్పగలరు?

దగ్గు గురించి ఒక్క మాట. జలుబు పోయాక కూడా దగ్గు మూడు వారాల దాకా ఉండటం మామూలే. కఫం పచ్చగా వస్తోందని దాన్ని బాక్టీరియా లెక్కలో వేయనక్కర్లేదు. ఆయాసం, ఛాతీలో నొప్పి, మనిషి తికమకగా మాట్లాడటం ఉంటే మాత్రం యాప్ తెరుస్తూ కూర్చోకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

మన వైపు నుంచీ కొంత చేయాలి. కాల్‌కు ముందు రోజూ వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ పక్కన పెట్టుకోండి. "ఏదో బీపీ మాత్ర" అంటే అవతలివాళ్లకు ఏం తెలుస్తుంది? రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఐరన్ మాత్ర, యాంటాసిడ్ డాక్సీసైక్లిన్‌ను ఒంటికి పట్టనివ్వవు. సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ మడమ వెనక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నరం లాంటి పట్టీ) తెగే దాకా తీసుకెళ్లగలవని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే వాటి మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. వేరే మందు దొరికే చోట సైనస్‌కూ, ఊపిరి గొట్టాలు వాచే బ్రాంకైటిస్‌కూ, మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్‌కూ వీటిని వాడొద్దని 2016లో మళ్లీ చెప్పింది.

అలర్జీ విషయంలో "పెన్సిలిన్ పడదు" అని ఊరుకోవద్దు. అలా చెప్పుకునేవాళ్లకు పరీక్ష చేస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా నిజంగా అలర్జీ ఉండటం లేదు. చిన్నప్పుడు ఎప్పుడో దద్దు వచ్చిందని అమ్మ చెప్పిన మాటే జీవితాంతం చెప్పుకుంటూ పోతాం. ఆ ఒక్క మాటతో డాక్టరు మంచి మందు పక్కన పెట్టి, అవసరానికి మించినదేదో రాయాల్సి వస్తుంది. ఏం జరిగింది, ఎన్నేళ్లయింది, దద్దుర్లేనా, ముఖం వాచిందా, ఊపిరి అందలేదా, లేక వట్టి విరేచనాలా? వివరంగా చెప్పండి.

రాసిన మందు గురించి అడగడానికీ మొహమాటం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయాటిక్స్‌ను యాక్సెస్, వాచ్, రిజర్వ్ అని మూడు గుంపులు చేసి పెట్టింది. అమోక్సిసిలిన్ మొదటి గుంపులోది. అజిత్రోమైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ రెండో గుంపులోవి, అంటే బాక్టీరియా వీటికి లొంగకుండా పోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆచితూచి వాడాలని. చిన్న జబ్బుకు నేరుగా ఇవి రాస్తే "ఇదే ఎందుకు డాక్టర్ గారూ?" అని అడగండి. కారణం ఉంటే చెబుతారు. విసుక్కుంటే మీకు అక్కడే అర్థమైపోతుంది. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ అనే వైద్య పత్రికలో అంచనా వేశారు. అదంతా ఎక్కడో, ఎవరికో అనిపిస్తే మీ కడుపు సంగతే చూసుకోండి. అక్కర్లేని కోర్సు పేగుల్లోని మంచి బాక్టీరియాను ఊడ్చేస్తే, సి. డిఫిసిల్ అనే చెడ్డ బాక్టీరియా చేరి విరేచనాలతో ఆసుపత్రి దాకా లాక్కెళ్లగలదు.

ఒప్పుకోలూ కాని, తిరస్కారమూ కాని మధ్యే దారి ఒకటుంది. చాలామంది దాన్ని వాడుకోరు. మందు రాసిస్తారు కానీ "ఇప్పుడే కొనొద్దు, రెండు మూడు రోజులు చూడండి, తగ్గకపోయినా ఎక్కువైనా అప్పుడు మొదలుపెట్టండి" అంటారు. చాలామందికి ఆ చీటీతో పనే పడదు. దీన్ని మనమే అడగొచ్చు. అడిగేటప్పుడు ఏది కనబడితే ఆగకూడదో, ఎన్ని గంటలు చూడాలో రాసిమ్మనండి. తగ్గకపోతే ఇదే డాక్టరుకు మెసేజ్ పెట్టొచ్చా, లేక మళ్లీ డబ్బు కట్టి ఇంకొకరికి కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలా అన్నదీ ఫోన్ పెట్టేయకముందే తేల్చుకోండి. నేను చూసిన యాప్‌లలో జవాబు చాలావరకు రెండోదే, నాకు ఒళ్లు మండేదీ అక్కడే.